గడువు తేదీ ఎవరి చేతిలో ఉంది?

(సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో బ్యాంకు వాళ్లకంటే వారి ఇంటివాళ్లే ఎక్కువగా ఉన్నారు. మీలో కొందరికి బట్టల షాపు ఉంది, కొందరికి మెడికల్ షాపు, కొందరికి ట్యూషన్ సెంటరు. అందుకే వ్యాపారానికి పనికొచ్చే విషయంగా ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లను ఎంచుకున్నాను.

ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఏమిటో మన భాషలోనే చెబుతాను. శాఖలో ఏ కౌంటరులో ఎవరు కూర్చోవాలి, స్ట్రాంగ్ రూములోకి ఎవరు వెళ్లాలి, ఏ పని ముందు జరగాలి అని చూసేది మేనేజరు. కంప్యూటరులో ఆ పని చేసేది ఆపరేటింగ్ సిస్టమ్. విండోస్ అలాంటిదే, లినక్స్ కూడా అలాంటిదే. విండోస్ సోర్స్ కోడ్ దాని సొంతదారు కంపెనీ దగ్గరే ఉంటుంది. లినక్స్ సోర్స్ కోడ్ అందరికీ తెరిచి ఉంటుంది. ఎవరైనా చదవవచ్చు, మార్చుకోవచ్చు, ఇతరులకు ఇవ్వవచ్చు. 1991లో ఫిన్లాండ్‌లో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి దీన్ని మొదలుపెట్టాడు. మీ ఆండ్రాయిడ్ ఫోను లోపల పనిచేస్తున్నదీ లినక్స్ కెర్నలే.

లాభం ఏమిటంటే లైసెన్సు ఖర్చు మిగులుతుందని చెబుతారు. నిజమే. కానీ నేను చూసినంతలో అంతకన్నా పెద్ద లాభం గడువు తేదీ విషయంలో ఉంది.

విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో సపోర్టు ముగిసింది. ఆ తర్వాత కొత్త లోపం బయటపడినా మామూలుగా మరమ్మతు రాదు. మన దేశంలో ఎన్నో ఏటీఎంలు అప్పటికీ దాని మీదే నడుస్తున్నాయి. సపోర్టు లేని సిస్టమ్‌లను 2019 జూన్‌లోగా దశలవారీగా మార్చాలని 2018 జూన్‌లో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆ మెషిన్లు నోట్లు సరిగ్గానే లెక్కపెడుతున్నాయి. అయినా మార్చక తప్పలేదు. 2025 అక్టోబరు 14న విండోస్ 10కీ సాధారణ సపోర్టు ముగిసింది. మీ షాపులో బిల్లులు కొట్టే పాత కంప్యూటరు విండోస్ 11కు సరిపోకపోతే ఇప్పుడు ఆ సమస్య మీదే.

ఓపెన్ సోర్స్‌కు గడువు ఉండదా అంటే ఉంటుంది. సెంటాస్ 8 అనే లినక్స్‌ను చాలా సంస్థలు సర్వర్లలో వాడేవి. 2029 దాకా ఉంటుందనుకున్న సపోర్టు 2021 చివరికే ముగుస్తుందని 2020 డిసెంబరులో ప్రకటించారు. అందరూ గగ్గోలు పెట్టారు. అయితే సోర్స్ కోడ్ తెరిచే ఉంది కాబట్టి, కొద్ది నెలల్లోనే వేరేవాళ్లు దాని నుంచి ఆల్మాలినక్స్, రాకీ లినక్స్ తయారుచేశారు. వాడుతున్నవాళ్లు అవే మెషిన్లతో వాటికి మారగలిగారు. ఎక్స్‌పీ వాడేవాళ్లకు అలాంటి దారి లేదు. ఒకరు షట్టరు దించితే ఇంకొకరు తెరవగలగడం వ్యాపారికి ఎంత ధైర్యమో మీకు చెప్పనక్కరలేదు.

ఇందులో ఖర్చు అసలే ఉండదని నేను అనను. సర్వర్లకు సపోర్టు కావాలంటే కంపెనీలు రుసుము తీసుకుంటాయి. నేర్పేవారికి, నిర్వహించేవారికి జీతం ఇవ్వాలి. ఆ డబ్బు మాత్రం మన ఊరి కుర్రవాళ్లకు కూడా అందవచ్చు. కంప్యూటర్ చదువుతున్న పిల్లలు లినక్స్ నేర్చుకుంటే మంచిదని అందుకే చెబుతున్నాను.

భద్రత గురించీ ఒక మాట. 2024 మార్చిలో ఎక్స్‌జడ్ అనే చిన్న ఓపెన్ సోర్స్ ప్రోగ్రాములో, చాలాకాలం నమ్మకంగా పనిచేసిన వ్యక్తే లినక్స్ సర్వర్లలోకి దొంగదారి పెట్టినట్టు బయటపడింది. లాగిన్ అరసెకను ఆలస్యమవుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు తవ్వి చూసి పట్టుకున్నాడు. కోడ్ తెరిచి ఉండబట్టే చూడగలిగాడు. కానీ చూసేవాడు లేకపోతే తెరిచి ఉండీ ప్రయోజనం లేదు. లెడ్జరుకు ఆడిటరు ఎంత అవసరమో, దీనికీ అంతే.

మారాలనుకునేవారికి నా సలహా ఇది. ముందు మీరు వాడే ప్రోగ్రాముల జాబితా రాసుకోండి. ట్యాలీ లాంటివి విండోస్ కోసమే తయారైనవి. ప్రింటరు, డిజిటల్ సంతకం టోకెన్ పనిచేస్తాయో లేదో చూడండి. ఉబుంటు, లినక్స్ మింట్ లాంటివాటిని కంప్యూటరులో ఎక్కించకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిపి పరీక్షించవచ్చు. డేటాకు బ్యాకప్ తీసుకోండి. ఒక్క కంప్యూటరు మార్చి, నెల రోజులు పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన నడపండి. ప్యారలల్ రన్ అంటే ఏమిటో మీ ఇంట్లో బ్యాంకు ఉద్యోగిని అడిగితే చెబుతారు. సరిపోకపోతే విండోస్‌లోనే ఉండండి, అందులో తప్పేమీ లేదు.

ఏది కొన్నా ఒక ప్రశ్న మాత్రం అడగండి. దీన్ని అమ్మినవారు రేపు వద్దనుకుంటే, నా పని నడిపించేది ఎవరు? జవాబు దొరికాకే డబ్బు కట్టండి.

సందేహాలుంటే టీ సమయంలో మాట్లాడుకుందాం.