ఒక్క దీపం చాలు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విశ్రాంత జీవితంలో నేర్చుకున్న కొత్త విద్య గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. నేను నేర్చుకున్నది స్టూడియో ఫ్లాష్ లైట్లతో ఫోటోలు తీయడం. ఎందుకు నేర్చుకున్నానో ముందు మనవి చేస్తాను.

మా అన్నయ్య పోయినప్పుడు పటం కట్టిద్దామంటే ఇంట్లో ఒక్క మంచి ఫోటో దొరకలేదు. చివరకు ఎవరిదో పెళ్ళి గ్రూపు ఫోటోలోంచి ఆయన ముఖం కత్తిరించి పెద్దది చేయించాం. పక్కవారి భుజం అందులో ఇప్పటికీ కనిపిస్తుంది. ఆ పటం చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

మా వీధి చివర స్టూడియో నడిపే కుర్రాణ్ణి "నాకు నేర్పుతావా బాబూ?" అని అడిగాను. "ఈ వయసులో మీకెందుకు సార్ ఈ శ్రమ?" అంటూనే, మధ్యాహ్నం బేరాలు లేనప్పుడు రమ్మన్నాడు.

మొదటి రోజే నవ్వులపాలయ్యాను. వేగం పెంచితే ఫోటో స్పష్టంగా వస్తుందనుకొని షట్టరు 1/500 సెకనుకు పెట్టాను. ఫోటోలో సగం నల్లగా వచ్చింది! షట్టరులో రెండు తెరలుంటాయి. అంత వేగంలో మొదటి తెర పూర్తిగా తొలగకముందే రెండోది మూసుకోవడం మొదలుపెడుతుంది. ఫ్లాష్ మెరిసేది దాదాపు సెకనులో వెయ్యోవంతు. ఆ మెరుపు సమయానికి తలుపు బార్లా తెరిచి ఉండాలి. 1/125 పెట్టుకుంటే చిక్కు లేదు. ఫ్లాష్ వెలుగు ఎంత లోపలికి రావాలన్నది షట్టరు వేగం కాదు, లెన్సు రంధ్రం నిర్ణయిస్తుంది. దీపం దూరం కూడా ముఖ్యమే. 3 అడుగుల నుంచి 6 అడుగులకు జరిపితే వెలుగు సగం కాదు, నాలుగోవంతుకు పడిపోతుంది.

మూడు దీపాలుంటేగాని పని జరగదనుకున్నాను. అతను రెండు ఆర్పేసి, "ముందు ఒక్కదానితో తీయండి సార్" అన్నాడు. కెమెరా పక్కనే పెడితే ముఖం చదునుగా వచ్చింది. పూర్తిగా పక్కకు పెడితే సగం ముఖం చీకటి. 45 డిగ్రీల వాలులో, తలకంటే కొంచెం ఎత్తున పెట్టేసరికి ముఖానికి జీవం వచ్చింది. రెండోవైపు తెల్లని థర్మోకోల్ అట్ట నిలబెడితే నీడలు తేలికపడ్డాయి. దీపానికి తెల్లగొడుగు తగిలించి మనిషికి దగ్గరగా జరిపితే వెలుగు మెత్తబడుతుంది. ముడతలు కనిపిస్తాయి గాని కరుకుగా ఉండవు. కళ్ళజోడులో మెరుపు పడితే దీపం కాస్త పైకెత్తి, గడ్డం కొద్దిగా దించమనాలి. జోడు మాత్రం తీయించకండి. మన పిల్లలెరిగిన ముఖం జోడుతో ఉన్నదే కదా!

ఒక హెచ్చరిక. ప్లగ్గు పీకేసినా ఆ పెట్టెలోని కెపాసిటర్లలో ప్రాణం తీసేంత విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. సొంతంగా విప్పి బాగుచేయబోకండి.

పూర్వం మెగ్నీషియం పొడి మండించి ఫోటోలు తీసేవారు. 1930లలో ఈ విద్యుత్ ఫ్లాష్‌ను తీర్చిదిద్దినవారు అమెరికాలో ఎం.ఐ.టి. ఆచార్యుడు హెరాల్డ్ ఎడ్జర్టన్. 1968లో పదవీ విరమణ చేశాక కూడా, 1990లో కన్నుమూసేవరకు ఆయన పని మానలేదు. మనకు ఇంతకంటే ఆదర్శమేముంది?

నేను కుదురుగా తీసిన మొదటి ఫోటో మా వదినగారిది. చాలాసేపు చూసి, "మీ అన్నయ్యకీ ఇలాంటిదొకటి ఉండాల్సింది నాయనా" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

అందుకే ఒక విన్నపం. వచ్చే నెల సమావేశానికి నా దీపం, గొడుగు, అట్ట తెస్తాను. సభ్యులందరూ దంపతులుగా రండి. ఒంటరిగా ఉన్నవారు మొదట రండి. రుసుము లేదు. దండ వేయడానికని కాదు, మనం ఉండగానే మన గోడమీద చూసుకోవడానికి.