పరదేశములో క్రిస్మస్

వాక్యభాగము: లేవీయకాండము 19:34



హుజూర్‌నగర్‌లో పుట్టి పెరిగిన నేను కొన్నేళ్లు ఇథియోపియాలో టీచరుగా పనిచేశాను. హైలే సెలాసీ చక్రవర్తి కాలమునుండి మన దేశపు ఉపాధ్యాయులెందరో అక్కడ పాఠాలు చెప్పారు. అక్కడి సంఘము క్రిస్మస్‌ను జనవరి 7న ఆచరిస్తుంది. దానిని గెన్నా అంటారు. కనుక నా మొదటి డిసెంబరు 25 మామూలు పనిదినమే. స్టార్ లేదు, క్యారల్స్ లేవు. వారి క్యాలెండరు వేరు గనుక బోర్డు మీద ఆ తేదీ కూడా లేదు. ఆ రాత్రి తలుపు వేసుకొని ఏడ్చాను.

గెన్నా నాడు పొరుగింటి తల్లి నా తలుపు తట్టింది. నలభై రోజులు మాంసము, పాలు ముట్టక ఉపవాసమున్న ఆ కుటుంబము పండుగ భోజనమునకు నన్ను పిలిచింది. అందరికీ ఒకే పళ్లెము. ఇంజెరా రొట్టెలో కోడికూర చుట్టి, ఆ తల్లి తన చేత్తో నా నోట పెట్టింది. అది వారి ఆచారమట. నాకు మా అమ్మ గుర్తొచ్చింది.

వెంటనే మరొకటి గుర్తొచ్చి సిగ్గుపడ్డాను. మన ప్రాంతపు సిమెంటు ఫ్యాక్టరీలలో, రైసు మిల్లులలో బీహారు, ఒడిశా బిడ్డలు పనిచేస్తున్నారు. ఊళ్లో ఉన్నన్నాళ్లు వారిలో ఒక్కరినైనా నేను ఇంటికి పిలువలేదు.

ప్రియులారా, ఐగుప్తుకు వెళ్లిన బాలయేసు కూడా పరదేశియే. ఈ క్రిస్మస్‌కు మీ ఇంట ఒక విస్తరి ఎక్కువ వేయండి. ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.