పేరయ్య నడిచిన దారి

విశ్వాసంలో ఎదగడమంటే ఆదివారం గుడికెళ్లి రావడమేనా? ఒంగోలు ప్రాంతపు యెర్రగుంట్ల పేరయ్యను చూడండి. మాదిగ కులస్థుడు, తోళ్ల వ్యాపారి. 1866లో భార్య నాగమ్మతో పాటు బాప్తిస్మం పొంది, ఊరూరా తిరిగి తనవాళ్లకు సువార్త చెప్పాడు. నమ్మినవాళ్లకు అసలు పరీక్ష ఊళ్లోనే ఎదురైంది. ఆదివారం పని మానేశారు. చచ్చిన పశువుల మాంసం ముట్టలేదు. జాతరల్లో డప్పు కొట్టేది లేదన్నారు. ఊరి పెద్దలకు కోపం వచ్చింది. పనులివ్వలేదు, నీళ్లకు అడ్డుపడ్డారు. రెక్కాడితేగాని డొక్కాడని మనిషి అలా కాదనాలంటే కండబలం ఒక్కటే చాలదు కదా! అయినా 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ లెక్క చెప్పేటప్పుడు మిషనరీ జాన్ క్లౌతో పాటు పేరయ్యనూ తలుచుకోవాలి.