కజన్: అరువు మాట, ఇంటి చుట్టరికం

ఇంగ్లీషు 'కజిన్' ఉర్దూలో 'కజన్' అయింది. స్మారకోపన్యాసానికి ఇంత చిన్న మాటేమిటని సభలో ఎవరికైనా అనిపించవచ్చు. అయితే ఇంటి నిండా చుట్టరికపు పేర్లున్న భాష ఇంకొకటి అరువెందుకు తెచ్చుకున్నట్టు?

ఉర్దూలో బాబాయి కొడుకు చచాజాద్ భాయ్. పెదనాన్న కొడుకును తాయాజాద్ అని విడిగా చెప్పేవాళ్లూ ఉన్నారు. మేనత్త కొడుకు ఫూఫీజాద్, మేనమామ కొడుకు మామూజాద్, పిన్ని కొడుకు ఖాలాజాద్. ఆడపిల్లయితే చివర 'బెహన్' చేరుతుంది. 'ఖాలా' అరబ్బీ నుంచి వచ్చింది, పుట్టినవాడనే అర్థమిచ్చే 'జాద్' ఫార్సీ, 'భాయ్' ఈ నేలది. ఒక్క పిన్ని కొడుకును పిలవడానికి మూడు భాషలు పనిచేస్తున్నాయి!

ఇంగ్లీషు మాటకు ఈ పట్టింపులేవీ లేవు. ఆడో మగో, అమ్మ వైపో నాన్న వైపో కజిన్ చెప్పదు. చిత్రమేమిటంటే, దాని మూలమైన లాటిన్ 'కోన్‌సోబ్రీనుస్' మొదట్లో అక్కచెల్లెళ్ల పిల్లలకే చెల్లేది. అంటే అచ్చంగా ఖాలాజాదే. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషు చేరేసరికి ఆ పదును అరిగిపోయింది. షేక్‌స్పియర్ నాటకంలో హామ్లెట్‌ను సొంత పినతండ్రే కజిన్ అని పిలుస్తాడు.

అరిగిన మాటకు ఉర్దూ వ్యాకరణం కొంత పదును పెట్టింది. 'మేరా కజన్ ఆయా' అంటే వచ్చినవాడు మగవాడు. 'మేరీ కజన్ ఆయీ' అంటే ఆడపిల్ల. మాట మారలేదు, పక్కనున్న 'మేరా', 'మేరీ'లే పని చక్కబెట్టాయి. ఏ వైపు చుట్టమన్నది మాత్రం తిరిగి రాలేదు.

తెలుగువాళ్లకు అసలు చిక్కు అక్కడే. మేనత్త, మేనమామ పిల్లలు బావా మరదళ్లు. బాబాయి, పిన్ని పిల్లలు అన్నాచెల్లెళ్లు. వీళ్లలో మేనరికం బావా మరదళ్ల మధ్యే నడుస్తుంది. 1871లో అమెరికన్ పండితుడు లూయిస్ హెన్రీ మోర్గన్ ప్రపంచ బంధుత్వ పద్ధతులపై అచ్చువేసిన పెద్ద గ్రంథంలో తమిళ, తెలుగు వరసలకు చోటిచ్చాడు. ముస్లిం ధర్మశాస్త్రమైతే బాబాయి, పిన్ని, మేనత్త, మేనమామ నాలుగు వైపుల సంబంధాలనూ అనుమతిస్తుంది. నిన్నటి దాకా చచాజాద్ బెహన్ అయిన అమ్మాయి రేపు పెళ్లికూతురు కావచ్చు. వరస చూసే తెలుగు చెవికి ఆ 'బెహన్' కాస్త తికమకే. పాకిస్తాన్ ఉర్దూలో ఇలాంటి పెళ్లికి 'కజన్ మ్యారేజ్' అన్న పేరే స్థిరపడింది.

హైదరాబాదులో 1917లో దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ మొదలైంది. మరుసటి ఏడు వచ్చిన ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం అక్కడి పండితులు శాస్త్రాలకు ఉర్దూ పరిభాష కల్పించారు. కజిన్‌కు అలా కూర్చుని మాట పుట్టించాల్సిన అవసరమే లేదు. అయినా అది ఇళ్లలోకి దర్జాగా వచ్చేసింది. వరస చెప్పకపోవడమే దాని సుఖం. ఆఫీసులో 'మా బావ' అంటే పదిమంది ముసిముసి నవ్వులు నవ్వుతారు; 'మా కజిన్' అంటే ఎవరూ తలెత్తి చూడరు. అన్న అనకుండా ఉండలేనివాళ్లు 'కజిన్ బ్రదర్' అనేస్తారు. ఇంగ్లీషు మేష్టార్లు దాన్ని తప్పంటారు గానీ, చెప్పదలచుకున్నది చెప్పేస్తోంది కదా!

నిఘంటువులు కూర్చేవారికి ఒక విన్నపం. కజిన్ కింద 'బంధువు' అని రాసి ఊరుకోకండి. నాలుగు వైపుల పేర్లూ ఇవ్వండి, పక్కనే 'మేరా కజన్', 'మేరీ కజన్' వాడుకనూ చేర్చండి.