ఉపగ్రహానికి అందేది సముద్రపు పై పొరే

సముద్రం లేని హైదరాబాద్‌లో, నిజాంపేట తపాలా పరిధిలోని ప్రగతినగర్‌లో, దేశమంతటికీ సముద్ర సమాచారం అందించే కేంద్రం ఉంది. 1999లో ఏర్పడిన ఆ జాతీయ సంస్థ ఇన్‌కాయిస్. చేపలు ఎక్కువగా దొరికే చోట్లు మత్స్యకారులకు తెలిపేదీ, 2007 నుంచి సునామీ హెచ్చరికలు ఇచ్చేదీ ఇదే. రిమోట్ సెన్సింగ్, పర్యావరణ మోడలింగ్ చదివినవారి విద్యకు ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ నగరంలో దొరకదు.

ఉపగ్రహం చేపను చూడదు. నీటి ఉష్ణోగ్రతను, రంగును చూస్తుంది. అడుగు నుంచి చల్లని నీరు పైకి ఉబికితే పోషకాలు వెంట వస్తాయి. వాటితో సూక్ష్మ వృక్షజాలం పెరిగి, పత్రహరితం వల్ల నీటి రంగు మారుతుంది. మేత ఉన్నచోటికి చేప చేరుతుంది. తూర్పు తీరంలో నీరు ఇలా ఉబకడాన్ని ఉపగ్రహాలు రాకముందే, 1950లలో, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి అమెరికా నుంచి వచ్చిన యూజీన్ లాఫాండ్ అధ్యయనం చేశారు. ఈ శాస్త్రం తెలుగునాట విశ్వవిద్యాలయంలోనే మొలకెత్తిందనడం అతిశయోక్తి కాదు.

రంగును చదవడం మాత్రం తేలిక కాదు. ఉపగ్రహానికి చేరే వెలుగులో నీటి నుంచి వచ్చేది సుమారు పదో వంతే. మిగతాది చాలావరకు వాతావరణం వెదజల్లినది. దాన్ని సరిగ్గా తీసివేయకపోతే లెక్క మొత్తం తప్పుతుంది. గోదావరి, కృష్ణ సముద్రంలో కలిసేచోట ఒండ్రు నీరు పత్రహరితంలా భ్రమింపజేస్తుంది. ఇక ఉష్ణోగ్రతను తెలిపే పరారుణ కిరణాలు మబ్బులను దాటవు కనుక వానాకాలపు పటాల్లో ఖాళీలు తప్పవు.

అసలు చిక్కు లోతులో ఉంది. బంగాళాఖాతంలో నదుల నీరు, వాన నీరు ఉప్పునీటిపై మూతలా పరుచుకుంటాయి. ఆ పొర కింద దాగిన వేడి కొన్నిసార్లు తుపానుకు బలమవుతుంది; అది ఉపగ్రహానికి అందదు. సముద్రంలో తేలుతూ మునుగుతూ ఉండే ఆర్గో పరికరాలు సాధారణంగా పది రోజులకోసారి 2000 మీటర్ల లోతు నుంచి పైకి వస్తూ ఉష్ణోగ్రతను, లవణీయతను కొలుస్తాయి. ఉపగ్రహం చూసిన పై పొరకు, ఆర్గో కొలిచిన లోతుకు మధ్య లంకె వేసేది భౌతిక సూత్రాలతో నడిచే సంఖ్యాత్మక మోడల్.

పరిశోధకులు తరచూ తొందరపడేది ఇక్కడే. మోడల్‌ను సరిదిద్దడానికి వాడిన కొలతలతోనే దాన్ని పరీక్షిస్తే ఫలితం బాగుండక ఏమవుతుంది? పరీక్షకు వేరే కొలతలు, వేరే రుతువు, వీలైతే వేరే తీరం కావాలి. పటంతోపాటు దోషం ఎంతో కూడా ప్రకటించాలి. అది లేని పటం రంగురంగుల బొమ్మే. దాన్ని నమ్మి పడవ నడిపేవారికి డీజిల్ ఖర్చే మిగులుతుంది.