ఇసుక నేలలో పచ్చిక: కొలిచి పోసిన నీరే నిలిచే నీరు

(ప్రసంగ పాఠం)



వేసవి ఉదయాన అపార్ట్‌మెంట్ల ముందు తరచుగా ఒక దృశ్యం కనిపిస్తుంది. పచ్చికలో నీటి గొట్టం పడి ఉంటుంది. కాపలాదారు దానిని అక్కడ వదిలి గేటు వద్దకు వెళ్తాడు. గంట తరువాత వచ్చి మరొక చోటికి జరుపుతాడు. గొట్టం ఉన్నచోట గడ్డి ఏపుగా ఉంటుంది, మూలల్లో ఎండిపోయి ఉంటుంది. మూలలు ఎండాయని మరో గంట నీరు వదులుతారు. ఊళ్లో మరోచోట అదే సమయానికి ట్యాంకరు ముందు బిందెలు వరుస కట్టి ఉంటాయి. పచ్చిక పెంచుకోవడం తప్పు కాదు. దానికి ఎంత నీరు చాలునో తెలియకపోవడమే నష్టం.

హోసూరు, కృష్ణగిరి ప్రాంతాలలో అధిక భాగం ఎర్ర ఇసుక గరప నేల. నల్లరేగడి సీమల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు మరో అలవాటు ఉంటుంది: ఒకసారి మడి నిండా నీరు కట్టి, కొన్ని రోజులు నిశ్చింతగా ఉండటం. రేగడి నీటిని పట్టి ఉంచుతుంది కాబట్టి అక్కడ అది చెల్లింది. ఇసుక పాలు ఎక్కువైన నేల చిల్లుకుండ వంటిది. వేరు అందుకోగలిగిన లోతును దాటి దిగిన ప్రతి చుక్కా గడ్డి మట్టుకు బూడిదలో పోసిన పన్నీరే.

ఆ కుండలో ఎంత నీరు పడుతుందో లెక్క కట్టవచ్చు. ఇసుక గరప నేల మీటరు లోతున సుమారు 100 నుంచి 120 మిల్లీమీటర్ల నీటిని మొక్కకు అందేలా నిలుపుకుంటుంది. సాధారణంగా పచ్చిక వేళ్లలో ఎక్కువ భాగం పైనున్న 15 సెంటీమీటర్లలోనే ఉంటాయి. ఆ పొరలో నిలిచేది 15 నుంచి 18 మిల్లీమీటర్లు. అందులో సగం ఖర్చయ్యాక తిరిగి నీరు పెట్టడం పద్ధతి. అంటే ఒక తడికి కావలసింది సుమారు 8 మిల్లీమీటర్లు. ఎండాకాలంలో గడ్డి రోజుకు 4 నుంచి 5 మిల్లీమీటర్లు వాడుకుంటుంది కనుక ఆ తడి రెండు రోజులకు సరిపోతుంది. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న హోసూరు కొంత చల్లన. చాలా దిగువన ఉన్న కృష్ణగిరిలో ఎండ తీవ్రత ఎక్కువ. హోసూరు మిత్రుడు చెప్పిన లెక్కను కృష్ణగిరిలో యథాతథంగా పాటిస్తే గడ్డి వాడిపోవచ్చు. కృష్ణగిరి లెక్కను హోసూరులో పాటిస్తే నీరు వృథా కావచ్చు.

చదరపు మీటరు నేలపై ఒక మిల్లీమీటరు నీరంటే ఒక లీటరు. కాబట్టి 100 చదరపు మీటర్ల పచ్చికకు ఒక తడికి 800 లీటర్లు చాలు. ఇప్పుడు గొట్టాన్ని కొలవాలి. 20 లీటర్ల బకెట్టు ఒక నిమిషంలో నిండితే, ఆ గొట్టం గంటకు 1,200 లీటర్లు పారిస్తుంది. రోజూ గంటసేపు వదిలే చోట రెండు రోజులకు 2,400 లీటర్లు ఖర్చవుతాయి. కావలసింది అందులో మూడోవంతే. పచ్చికను నాలుగు సమభాగాలు చేసి, ఒక్కొక్క భాగానికి పది నిమిషాల చొప్పున, చేతితో తిప్పుతూ రెండు రోజులకొకసారి తడిపితే సరిపోతుంది. ఈ సర్దుబాటుకు రూపాయి ఖర్చు లేదు. ఒక బకెట్టు, ఒక గడియారం ఉంటే చాలు.

స్ప్రింక్లర్లు అమర్చుకోదలచినవారు ముందుగా పరిశీలించవలసినది నీటి ఒత్తిడి. పది మీటర్ల ఎత్తు నుంచి దిగే నీటికి చదరపు సెంటీమీటరుకు ఒక కిలో ఒత్తిడి ఉంటుంది. నేలలోంచి పైకి లేచి చిమ్మే చిన్న స్ప్రింక్లర్లకు సాధారణంగా రెండు కిలోల ఒత్తిడి కావాలి. రెండంతస్తుల ఇంటి మిద్దెమీద ట్యాంకు అంత ఒత్తిడి ఇవ్వలేదు. అది గమనించక ట్యాంకుకే తగిలిస్తే నీరు దగ్గరలోనే పడి, దూరాన నేల ఎండిపోతుంది. అటువంటి ఇంట చిన్న పంపు పెట్టాలి, లేదా గొట్టంతోనే తృప్తి పడాలి.

రెండవది దూరం. ఒక స్ప్రింక్లరు నాలుగు మీటర్లు చిమ్మితే, తరువాతిది నాలుగు మీటర్ల దూరంలోనే ఉండాలి. ఒకదాని తుంపర రెండవదాని పాదం వరకు అందాలి. ఖర్చు తగ్గుతుందని దూరం పెంచితే నడుమ ఎండు మచ్చలు ఏర్పడతాయి. వాటికోసం మొత్తం పచ్చికకు అదనపు నీరు పోయవలసి వస్తుంది. మూడవది విభజన. ఎండపొడ తగిలే భాగానికి ఒక వాల్వు, చెట్టునీడకు మరొకటి, పూలమొక్కలకు వేరొకటి ఉండాలి. వీటన్నిటినీ ఒకే వాల్వుకు కలిపితే ఏదో ఒకటి ఎండుతుంది, లేదా ఏదో ఒకటి కుళ్లుతుంది.

అమర్చిన తరువాత పరీక్ష తప్పదు. నిలువు అంచులున్న ఒకే రకం డబ్బాలు తొమ్మిదింటిని పచ్చికలో అక్కడక్కడ ఉంచి, పావుగంట నీరు వదలాలి. ప్రతి డబ్బాలో ఎంత లోతు నీరు చేరిందో స్కేలుతో కొలిచి సగటు కట్టాలి. సగటు 4 మిల్లీమీటర్లయితే, 8 మిల్లీమీటర్లకు అరగంట పడుతుంది. ఒక డబ్బాలో మరొకదానికి రెట్టింపు నీరుంటే, సమయం పెంచకుండా స్ప్రింక్లర్ల దూరాన్నో, నాజిల్‌నో సరిచేయాలి. తడి పెట్టిన కొన్ని గంటల తరువాత పొడవాటి స్క్రూడ్రైవరును నేలలో గుచ్చితే అది తడిసినంత మేర సులువుగా దిగుతుంది. 15 సెంటీమీటర్లు దిగితే చాలు.

ఎర్ర నేలకు మరొక గుణముంది. ఎండినప్పుడు దాని పైపొర బిరుసెక్కి పెచ్చు కడుతుంది. లోపల ఇసుక ఉన్నా, పైన నీరు ఇంకక రోడ్డు మీదికి పారుతుంది. అటువంటి చోట అరగంట నీటిని పావుగంట చొప్పున రెండు విడతలుగా, నడుమ అరగంట విరామంతో ఇవ్వాలి. తడి పెట్టే వేళ తెల్లవారుజాము. మధ్యాహ్నం పెడితే ఆవిరవుతుంది, గాలికి కొట్టుకుపోతుంది. రాత్రంతా ఆకు తడిగా ఉంటే తెగుళ్లు చేరతాయి.

పూలమొక్కలకూ పొదలకూ డ్రిప్పే మేలు. హోసూరు చుట్టుపక్కల పాలీహౌసుల్లో గులాబీ పెంచే రైతులు బిందు సేద్యాన్ని ఎన్నడో అలవరచుకున్నారు. అయితే ఇసుక నేలలో చుక్క పక్కలకు వ్యాపించక నిలువునా దిగుతుంది. కనుక డ్రిప్పర్లను దగ్గర దగ్గరగా, పొదకు రెండేసి చొప్పున అమర్చాలి. బోరునీటిలో ఇసుక రేణువులు, సున్నపు లవణాలు ఉంటాయి. ఫిల్టరు లేని డ్రిప్పు ఎక్కువ కాలం నిలవదు. ఫిల్టరును తరచూ కడగాలి. పైపుల చివరలు విప్పి మురికి పోయేలా నీరు వదలాలి.

నీరు తగ్గించే మార్గం పైపులలోనే కాదు, మట్టిలోనూ ఉంది. వేసవిలో చెరువు మట్టిని పొలాలకు తోలడం రాయలసీమ, తెలంగాణ రైతులు తరతరాలుగా ఎరిగిన పని. ఇసుక నేలకు తేమ పట్టే శక్తి దానివల్ల వస్తుంది. కొత్తగా పచ్చిక వేసేవారు గడ్డి పరవకముందే బాగా మాగిన పశువుల ఎరువు, కొబ్బరిపీచు కంపోస్టు, లభిస్తే అనుమతితో తెచ్చిన చెరువు మట్టి పై 15 సెంటీమీటర్లలో కలియదున్నాలి. పెరిగిన గడ్డిపై బంకమట్టిని పొరగా పరచకూడదు. అది నీటిని అడ్డుకుంటుంది.

గడ్డి ఎంపిక కూడా ముఖ్యమే. నర్సరీలలో బెర్ముడా పేరుతో అమ్మేవి చాలావరకు వినాయక పూజలో వాడే గరిక జాతివే. గరిక వేరు లోతుకు పోతుంది; నీరు లేనప్పుడు వాడి నిద్రిస్తుంది, వాన పడగానే చిగురిస్తుంది. వేసవిలో కొంత రంగు తగ్గిన గరికను చూసి కంగారుపడనక్కరలేదు. ఒక్క కోతలో ఎత్తులో మూడోవంతుకు మించి కోయకుండా ఉంటే వేరు బలపడుతుంది. పిల్లలు ఆడుకోని చోట, ఎవరూ నడవని అంచులలో పచ్చికకు బదులు కరువును తట్టుకొనే పొదలు వేయడం ఇంకా మేలు.

ఇక ఏ నీరు పోయాలన్నది చివరి ప్రశ్న. ఫ్లోరైడు బాధ ఉన్న ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలకు కావేరి నీరందించడానికి జపాను ఆర్థిక సహాయంతో హొగెనకల్ పథకం వచ్చింది. 2013లో అది ప్రారంభమైంది. పంపులతో ఎక్కించి, శుద్ధిచేసి, అంత దూరం నుంచి తెచ్చిన ఆ నీరు గొంతు తడపడానికే గాని గడ్డి తడపడానికి కాదు. పట్టణాలలో మనిషికి రోజుకు 135 లీటర్ల సరఫరాను ప్రమాణంగా లెక్కిస్తారు. ఆ లెక్కన పచ్చికకు ఒక తడిలో పోసే 800 లీటర్లు దాదాపు ఆరుగురి ఒకరోజు అవసరం.

పెద్ద అపార్ట్‌మెంట్లలో శుద్ధిచేసిన మురుగునీటిని పచ్చికకు వాడవచ్చు. దాని పైపులు వేరుగా, గుర్తు తెలిసేలా ఉండాలి. పిల్లలు ఆడే చోట దానిని తుంపరగా చిమ్మకూడదు. వానల విషయానికి వస్తే, ఈ ప్రాంతంలో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్లు కురుస్తుంది. 100 చదరపు మీటర్ల మిద్దెమీద పడేది 80,000 లీటర్లు. కొంత నష్టం పోయినా మిగిలేది చిన్న మొత్తం కాదు. వాననీటి సేకరణను తమిళనాడు 2003లోనే ఇళ్లకు తప్పనిసరి చేసింది. గుంత ఉన్నా పూడిక నిండి ఉంటే చట్టం పాటించినట్లే గాని నీరు ఇంకినట్లు కాదు. వానలకు ముందు దానిని శుభ్రం చేయించాలి. పచ్చికలో ఒక డబ్బా వదిలిపెడితే అదే వానను కొలుస్తుంది. అందులో 8 మిల్లీమీటర్లు చేరిన నాడు రెండు రోజులు వాల్వు తిప్పనవసరం లేదు.

నంది కొండల సీమలో పుట్టిన రెండు పినాకినులలో ఉత్తర పినాకిని నెల్లూరు వైపు సాగితే, దక్షిణ పినాకిని హోసూరు పక్కన కెలవరపల్లి జలాశయాన్నీ, ఆ దిగువన కృష్ణగిరి ఆనకట్టనూ నింపుతుంది. సొంత ఊరి ఏటిని చూసుకున్నట్లే ఈ ఏటినీ చూసుకోవలసిన బాధ్యత ఇక్కడ ఇల్లు కట్టుకున్న ప్రతి కుటుంబానిదీ. ఈ వారాంతంలో ప్రతి అపార్ట్‌మెంటు సంఘం ఒక బకెట్టు, తొమ్మిది డబ్బాలు, ఒక స్కేలు తీసుకొని తమ పచ్చికకు పడుతున్న నీరెంతో కొలవాలి. ఆ అంకెను కాపలాదారు గదిలో గోడమీద రాసి ఉంచాలి. గొట్టాన్ని ఎప్పుడు కట్టేయాలో ఆ తరువాత ఎవరూ చెప్పనక్కరలేదు.