పెరటి పాదు – తేనెటీగ



హుగ్లీ తీరాన ఉన్న గార్డెన్ రీచ్ పేరులోనే తోట ఉన్నది. పద్దెనిమిదవ శతాబ్దంలో ఆంగ్లేయులు ఇక్కడ నది వెంబడి తోటల నడుమ భవనాలు కట్టుకున్నారు. రాజ్యం కోల్పోయిన అవధ్ నవాబు వాజిద్ అలీ షా 1856లో కలకత్తా చేరి, ఈ ప్రాంతపు మటియాబుర్జ్‌లోనే స్థిరపడ్డాడు. తరువాత ఓడల నిర్మాణశాల, రైల్వే ప్రధాన కార్యాలయం వెలిశాయి. వాల్తేరు డివిజను 2003 వరకు ఈ ఆగ్నేయ రైల్వేలోనిదే. కనుక తెలుగువారికి ఈ పేట కొత్తది కాదు. తోటలు మాత్రం పెరళ్లుగా, పెరళ్లు కుండీలుగా కుంచించుకుపోయినవి.

అటువంటి పెరటిలో గుమ్మడిపాదు విరగబూస్తుంది. పిందె మాత్రం పచ్చబడి రాలిపోతుంది. ఎరువు చాలలేదని కొందరు, పురుగు పట్టిందని కొందరు తలుస్తారు. లోపం వేరొకటి కావచ్చును. గుమ్మడికి మగపూవు, ఆడపూవు వేరు వేరు. పుప్పొడి బరువైనది, జిగటగలది, గాలికి ఎగరదు. తెల్లవారుజామున విచ్చిన పూవు మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది. ఆ కొద్ది గంటలలో తేనెటీగ రాకపోతే పిందె నిలువదు. పూతపై ఉదయం మందు చల్లినవారు రావలసిన అతిథినే చంపినవారవుతారు.

పుట్టతేనెటీగ చెట్టుతొర్రలలో, గోడబొరియలలో కాపురముంటుంది. జుంటితేనెటీగ పొదలలో చిన్న పట్టు పెడుతుంది. వంగపూవు కథ వేరు: దాని పుప్పొడి కేసరాల కొనలలోని సన్నని రంధ్రాలలో దాగి ఉంటుంది. తుమ్మెద పూవును పట్టుకొని ఝుమ్మని అదిలించి రాలుస్తుంది; తేనెటీగకు ఆ విద్య లేదు. కనుక ఒక్క జాతిని కాపాడినంత మాత్రాన చాలదు.

ఇవి తరగడానికి కారణాలు అనేకం: ముసలి చెట్లను కొట్టివేయడం, మట్టినేలను సిమెంటుతో కప్పడం, పురుగుమందులు, రోగాలు. 1990ల ఆరంభంలో దక్షిణ భారతంలో థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ వ్యాధికి పుట్టతేనెటీగల కుటుంబాలు విస్తారంగా నశించినవి. తేనెటీగలకు హాని చేస్తున్నవని మూడు నియోనికోటినాయిడ్ మందులను ఆరుబయట వాడరాదని 2018లో ఐరోపా సమాఖ్య నిషేధించింది.

మగపూవును కోసి ఆడపూవుకు అద్ది, చేతితో పిందె కట్టించవచ్చును. కాని మునగచెట్టు నిండా పూచిన పూలకు ఎన్ని చేతులు చాలును? అందుకే కొన్ని నియమాలు అవసరం. తులసి వెన్నులన్నిటినీ తుంచక కొన్నింటిని పూయనివ్వాలి. పూతవేళ మందు మానాలి. తప్పనిసరియైతే సూర్యాస్తమయం తరువాత, పూలపై పడకుండా చల్లాలి. నేలలో గూడుకట్టే ఈగలకై కొంత మట్టిని కప్పకుండా విడవాలి. వెడల్పు మూకుడులో గులకరాళ్లు వేసి నీరుంచాలి. పట్టు కనిపించగానే పొగపెట్టరాదు.

ఒక ఇంటి జాగ్రత్త మాత్రమే చాలదు. రైల్వే క్వార్టర్సులోని పాదుకు వచ్చే ఈగ పక్కవీధి మసీదు ఆవరణలోని చెట్టుతొర్రలో పుట్టినది కావచ్చును. ఆ చెట్టును కొట్టినా, ఈ పాదుపై విషం చల్లినా నష్టం ఉభయులదే. పొరుగువారితో ఈ మాట బెంగాలీలోనో, ఉర్దూలోనో, తెలుగులోనో చెప్పుకొనడం మొదటి పని.